ప్రాజెక్టు మార్కుల్లో సగం జూనియర్ల చేతిలో పెట్టండి

గుంటూరు, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ప్రాజెక్టు గైడ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యాపకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు, విజయవాడలో కొందరు హోల్‌సేల్ వ్యాపారులకు, పుస్తకాల వాళ్లకు లెక్కలు చూసే ప్రోగ్రాములు రాసిస్తాం. చాలావరకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే రాస్తాం. పనిలోకి తీసుకునేది మీ కాలేజీల్లో చదువుకున్న పిల్లల్నే. వాళ్లకు తెలివితేటలు తక్కువ కాదు, కష్టపడే గుణం అంతకన్నా తక్కువ కాదు. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే లోటు కనపడుతోంది. ఆ లోటు పిల్లలది కాదని, మనం ప్రాజెక్టులకు మార్కులు వేసే పద్ధతిదని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా విన్నపం ఒక్కటే. ఫైనలియర్ ప్రాజెక్టుకు, అది కుదరకపోతే మినీ ప్రాజెక్టుకైనా, వేసే మార్కుల్లో సగం ఆ కోడ్‌ను జూనియర్లు తమ పనికి వాడుకోగలిగారా లేదా అనేదాన్ని బట్టి వేయండి.

కొత్తగా వచ్చిన కుర్రాడికో అమ్మాయికో ఒక పని చెబితే గంటలో స్క్రిప్టు, అంటే ఆ పని వరకు చేసే చిన్న ప్రోగ్రాము, రాసేస్తారు. అది వాళ్ల ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది కూడా. అదే పని ఇంకో కొట్టుకు కావాలంటే ఆ ఫైల్‌ను కాపీ చేసి, పేరు మార్చి, మధ్యలో నాలుగు లైన్లు మారుస్తారు. మూడో కొట్టుకు మళ్లీ అంతే. ఏడాది తిరిగేసరికి ఒకే లెక్క పది ఫైళ్లలో పది రకాలుగా ఉంటుంది. ఒకచోట తప్పు దొరికితే మిగతా తొమ్మిది చోట్ల ఆ తప్పు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

తప్పంటే ఎలాంటిదో చూడండి. యార్డులో ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, 41.3 కిలోలు తూగింది, క్వింటాలు ధర 14,500 పలికింది అనుకుందాం. లెక్క 5,988 రూపాయల 50 పైసలు. దీన్ని దగ్గరి రూపాయికి సవరించమంటే ఎక్సెల్ 5,989 అంటుంది. పైథాన్‌లో ఉన్న రౌండ్ ఫంక్షన్ 5,988 అంటుంది. పైథాన్ 3లో ఆ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గరికి వచ్చేసరికి సరిసంఖ్య వైపు జరుగుతుంది. అది లోపం కాదు, కావాలనే పెట్టుకున్న నియమం. కానీ రైతు చేతికి ఇచ్చే చీటీలో ఒక అంకె, గుమాస్తా ఎక్సెల్‌లో ఇంకో అంకె ఉంటే ఆ రూపాయి తేడా మీద నమ్మకమే పోతుంది. పన్ను లెక్కల్లో అయితే చట్టమే స్పష్టంగా చెబుతోంది. జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు, అంతకు మించి ఉంటే పై రూపాయికి పెంచాలి, తక్కువుంటే వదిలేయాలి. పైథాన్‌లో డెసిమల్ అనే మాడ్యూల్, అంటే వేరే ప్రోగ్రాములు పిలుచుకుని వాడుకునే కోడ్ భాగం, ఈ పనికి ఎప్పటినుంచో ఉంది. సగాన్ని పైకి తీసుకెళ్లమని దానికి చెబితే తీసుకెళ్తుంది.

ఇది తెలిసిన విద్యార్థి తన స్క్రిప్టును సరిచేసుకుంటాడు. నాకు అంతటితో సరిపోదు. రూపాయల లెక్క మొత్తాన్ని ఒక మాడ్యూల్‌లో పెట్టాలి. సవరణ అందులోనే జరగాలి. 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెట్టడం అందులోనే ఉండాలి, ఎందుకంటే పైథాన్ మామూలుగా కామాలు పెట్టమంటే 1,234,567 అని పెడుతుంది. అంకెను తెలుగు మాటల్లో రాయడం కూడా అక్కడే. అలా పెడితే కమీషన్ కొట్టు ప్రోగ్రామూ, కోల్డ్ స్టోరేజీ అద్దె ప్రోగ్రామూ, విజయవాడ హోల్‌సేల్ బిల్లూ అన్నీ ఆ ఒక్క మాడ్యూల్‌నే పిలుస్తాయి. తప్పు ఉంటే ఒకచోటే ఉంటుంది, ఒకచోటే దిద్దుతాం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో వాళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మీద సదస్సు పెట్టారు. అక్కడ కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ చదివిన పత్రం అచ్చంగా దీని గురించే. మిగతా పరిశ్రమలకు తయారైన విడిభాగాలు దొరుకుతున్నట్టు సాఫ్ట్‌వేర్‌కూ దొరకాలని ఆయన వాదించారు. మన విజయవాడ ఆటోనగర్‌లో బేరింగ్ నంబరు చెబితే ఏ కొట్లో అయినా అదే బేరింగ్ ఇస్తారు, ఏ మెకానిక్ అయినా బిగిస్తాడు, దాన్ని తయారుచేసినవాడికి ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆయన అడిగింది అలాంటి భాగాలనే. 1972లో ఇంకో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ ఇంకో మెట్టు ఎక్కారు. ప్రోగ్రామును ముక్కలు చేసేటప్పుడు, రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయం ఏదో గుర్తించి, దాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచమన్నారు.

పార్నాస్ మాట మన దగ్గర ఎంత నిజమో 2022 ఏప్రిల్ 4న తెలిసింది. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. రైతుల చిరునామాలు ఉండే ప్రతి ప్రోగ్రాములోనూ జిల్లాల జాబితా మార్చాలి. ఆ జాబితా ఒకే ఫైల్లో ఉన్నవాళ్లకు అది ఒక పూట పని. ఫారం ఫారంలోనూ, రిపోర్టు రిపోర్టులోనూ అతికించుకున్నవాళ్లకు నెలలు పట్టే పని. జిల్లా పేర్లు మారతాయని ముందే ఎవరికి తెలుసు అని విద్యార్థులు అడుగుతారు. 2014లో రాష్ట్రమే రెండైంది. 2017లో పన్నుల పద్ధతే మారింది. మన దగ్గర మారనిదేమిటో చెప్పడమే కష్టం. అందుకే ఏది మారవచ్చో ఊహించడం కూడా చదువులో భాగం కావాలని అంటున్నాను.

స్క్రిప్టింగ్ భాషలు చిన్న చిన్న పనులకేనని, పెద్ద నిర్మాణానికి జావా, సీ ప్లస్ ప్లస్ ఉండాలని చాలామంది లెక్చరర్లు క్లాసులో చెబుతారట. దీన్ని నేను ఒప్పుకోను. జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో బర్కిలీలో టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాష మొదలుపెట్టిందే, ప్రతి ప్రోగ్రాముకూ ఒక కొత్త కమాండ్ భాష రాసుకునే బాధ తప్పించడానికి. ఆ భాషే వేరే ప్రోగ్రాముల్లో అమర్చుకునే ఒక భాగం. పెర్ల్ అనే ఇంకో స్క్రిప్టింగ్ భాష ఐదో వెర్షన్ 1994లో మాడ్యూళ్లతో వచ్చింది, మరుసటి ఏడాదే సీపాన్ అనే ఉమ్మడి భాండాగారం మొదలైంది. ప్రపంచంలో ఎవరు రాసిన మాడ్యూల్‌నైనా ఎవరైనా తెచ్చుకుని వాడుకునే అలవాటు స్క్రిప్టులు రాసేవాళ్లలో అంత బలంగా పాతుకుంది. విండోస్‌లో 1990ల చివర్లోనే వీబీస్క్రిప్టు, జేస్క్రిప్టుల్లో రాసిన కోడ్‌ను ఎక్స్‌ఎంఎల్ తొడుగులో పెట్టి, రిజిస్టర్ చేసి, కామ్ కాంపొనెంట్‌గా, అంటే విండోస్‌లో వేరే ప్రోగ్రాములు పిలుచుకునే భాగంగా, వాడుకునే వీలు వచ్చింది. విజువల్ బేసిక్ ప్రోగ్రాము నుంచి, ఏఎస్‌పీ అనే వెబ్ పేజీ నుంచి దాన్ని పిలవొచ్చు, అది స్క్రిప్టులో రాసిందో సీ ప్లస్ ప్లస్‌లో రాసిందో పిలిచేవాడికి తెలియనక్కర్లేదు. ఇక పైథాన్‌కు 1991లో బయటికొచ్చిన మొదటి విడుదల నుంచే మాడ్యూళ్లు ఉన్నాయి. అందులో మీరు రాసే ప్రతి ఫైలూ పుట్టుకతోనే మాడ్యూల్. లోపం భాషలో లేదు.

మరి లోపం ఎక్కడుంది? ల్యాబ్‌లో ఉంది. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు అలవాటు పడేది అక్కడే.

మొదటి సంవత్సరం ల్యాబ్ రికార్డులో మొదటి ప్రోగ్రాము ఎలా ఉంటుంది? ఇన్‌పుట్‌తో రెండు అంకెలు అడుగు, కూడు, ప్రింట్ చెయ్యి. రెండో ప్రోగ్రాము అంకె అడుగు, ప్రధాన సంఖ్యేనా చూడు, ప్రింట్ చెయ్యి. రికార్డు అయిపోయేవరకు అడగడం, చెయ్యడం, ప్రింట్ చెయ్యడం ఒకే ముద్దలో ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత ఆ విద్యార్థి రాసిన జీఎస్టీ నంబరు పరీక్ష కూడా అలాగే ఉంటుంది. నంబరు కీబోర్డు నుంచే అడుగుతుంది, సరైనదో కాదో తెర మీద రాస్తుంది, తప్పయితే ప్రోగ్రాము మొత్తాన్ని ఆపేస్తుంది. రెండు వేల మంది వ్యాపారుల నంబర్లున్న ఫైల్ ఇచ్చి వీటిని సరిచూడమంటే ఆ కోడ్ ఎందుకూ పనికిరాదు. లోపలున్న లెక్క మాత్రం సరైనదే! పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్ అని, ఆంధ్రప్రదేశ్‌కు 37 అని, తర్వాతి పది పాన్ నంబరని, చివరి అక్షరం మిగతావాటి నుంచి లెక్కగట్టే తనిఖీ అక్షరమని ఆ విద్యార్థికి తెలుసు. కష్టమైన భాగం చేసేశాడు. తేలికైన భాగం ఎవరూ చెప్పలేదు కాబట్టి అంత కష్టమూ ఒక్కసారికే ఉపయోగపడింది.

ఆ తేలికైన భాగం ఏమిటంటే, లెక్క చేసే ఫంక్షన్ ఎవరినీ ఏమీ అడగకూడదు, తెర మీద ఏమీ రాయకూడదు. కావాల్సింది ఆర్గ్యుమెంట్లుగా, అంటే పిలిచినవాడు ఇచ్చే విలువలుగా, తీసుకోవాలి, జవాబు తిరిగి ఇవ్వాలి. తప్పు జరిగితే ప్రోగ్రామును ఆపేయకుండా, ఫలానా తప్పు జరిగిందని ఎక్సెప్షన్ ఎత్తాలి, ఏం చెయ్యాలో పిలిచినవాడు తేల్చుకుంటాడు. డీ డ్రైవ్‌లో తన పేరున్న ఫోల్డర్ అడ్రసు లోపల ఉండకూడదు. అడగడం, ప్రింట్ చెయ్యడం కావాలంటే ఫైల్ చివర, నేరుగా రన్ చేసినప్పుడే నడిచే షరతు కింద పెట్టుకోవచ్చు. ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేసినవాడికి, అంటే తన ప్రోగ్రాములోకి తెచ్చుకున్నవాడికి, అది అడ్డురాదు. ఇంతే. మొదటి సంవత్సరం రెండో వారంలో నేర్పదగ్గ సంగతి. ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రోగ్రామునూ ఈ పద్ధతిలో రాయిస్తే రెండో సంవత్సరానికల్లా అది చేతికి అలవాటైపోతుంది.

దీనికి తోడు ఒక పేజీ వివరణ, కొన్ని టెస్టులు, ఒక వెర్షన్ నంబరు కావాలి. ఇవి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

తెలుగు సంగతి మాత్రం చెప్పాలి. మనం చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యని పని అది. గుంటూరు అనే పేరు పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 7 అంటుంది. చదివే మనకు గుం, టూ, రు మూడే. లక్ష్మి అనే పేరులో మొదటి మూడు తీసుకోమంటే లక్ అని ఇచ్చి ఊరుకుంటుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న వేర్వేరు కోడ్లు కావడమే దీనికి కారణం. ఇంగ్లీషు పేర్లకు రాసిన స్క్రిప్టును అలాగే తెలుగు రసీదుకు వాడితే పేర్లు సగంలో తెగుతాయి, వరసలు పక్కకు జరుగుతాయి. తెలుగు అక్షరాలను సరిగ్గా విడదీసే, అకారాది క్రమంలో పేర్చే, రసీదు వెడల్పుకు తగ్గట్టు కత్తిరించే చిన్న మాడ్యూల్ ఒకటి శ్రద్ధగా చేసి పెడితే ఎన్ని కొట్లు, ఎన్ని ఆఫీసులు వాడుకుంటాయో! విజయవాడ ప్రచురణకర్తల దగ్గర యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత పుస్తకాల ఫైళ్లు ఉంటాయి. ఆ అక్షరాలను కాపీ చేసి మామూలు ఫైల్లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు కొన్ని ఉన్నాయి, కానీ వేరే ప్రోగ్రాము నుంచి పిలుచుకునేలా, వేల పేజీలను రాత్రికి రాత్రి మార్చేలా, ఏ అక్షరం దగ్గర అనుమానం ఉందో చెప్పేలా ఉంటే ఆ పుస్తకాలు మళ్లీ బతుకుతాయి. ఒక బ్యాచ్‌తో అయ్యే పని కాదిది. ఒక బ్యాచ్ వదిలిన చోట ఇంకో బ్యాచ్ అందుకోవాలి. అలా అందుకోవాలంటే మొదటి బ్యాచ్ అందేలా రాసి ఉండాలి.

ఇప్పుడు మన ప్రాజెక్టులు ఎలా జరుగుతున్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. నలుగురు కలిసి ఒక బ్యాచ్. టైటిల్ పెద్దగా ఉండాలి. నల్ల అట్ట మీద బంగారు అక్షరాల బైండింగ్. ఒక పీపీటీ. వైవాలో స్క్రీన్ షాట్లు. కోడ్ ఫైల్‌ను తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఈ పద్ధతి వల్లే రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు బతుకుతున్నాయి. డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టు వైవాలో నిలబడుతుంది, ఎందుకంటే వైవాలో దాన్ని ఎవరూ వాడరు. అమ్మానాన్నలు ఫీజులు కట్టడానికే అప్పులు చేసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఆ సెంటర్ల మెట్లెక్కడం నన్ను చాలా బాధపెడుతుంది. వాళ్లను తిట్టి లాభం లేదు. మార్కులు ఎటుంటే పిల్లలు అటే వెళ్తారు.

జూనియర్లతో వాడించి చూడండి, ఇది మారుతుంది. ఫైనలియర్ బ్యాచ్ ఒక పెద్ద యాప్ బదులు ఒక చిన్న, గట్టి మాడ్యూల్ ఇస్తుంది. రెండో సంవత్సరం విద్యార్థులు దాన్ని తీసుకుని, సీనియర్లకు ఫోన్ చెయ్యకుండా, ఆ ఒక పేజీ వివరణ చదువుకుని, ఒక వారంలో దాని మీద ఏదో ఒకటి కట్టాలి. ఎక్కడ ఆగిపోయారో రాసివ్వాలి. సీనియర్లు దాన్ని దిద్ది రెండో వెర్షన్ ఇవ్వాలి. సగం మార్కులు ఇక్కడే. కొనుక్కొచ్చిన కోడ్ ఈ పరీక్షలో నిలవదు, ఎందుకంటే దిద్దాల్సింది వాళ్లే. జూనియర్లకు కూడా ఇంకొకరి కోడ్ చదవడం అలవాటవుతుంది. ఉద్యోగంలో మొదటి రోజు నుంచి చేసేది అదే, కాలేజీలో ఒక్కసారి కూడా చేయించనిదీ అదే.

సిలబస్ మన చేతిలో లేదని కొందరు అంటారని తెలుసు. ఆ ఇబ్బంది నిజమే. కానీ అటానమస్ కాలేజీలకు ఇంటర్నల్ మార్కుల విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. మిగతావాళ్లకు స్కిల్ కోర్సులున్నాయి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. యార్డుకు వెళ్లి గుమాస్తా పక్కన కూర్చుని, అతని లెక్కల్లో ఏది పదేపదే వస్తోందో రాసుకుని దాన్ని మాడ్యూల్‌గా మార్చడం కన్నా మంచి కమ్యూనిటీ సర్వీస్ నాకు తోచడం లేదు. క్యాంపస్ సెలక్షన్లకు ఇది ఉపయోగపడదని కూడా అంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల వైపు నుంచి చెప్తున్నాను, పది మంది వాడుతున్న చిన్న మాడ్యూల్ చూపించిన అభ్యర్థిని నేను వేరే ప్రశ్నలు అడగను. పైగా స్క్రిప్టు రాయడం ఇప్పుడు పెద్ద పని కాదు, ఏఐని అడిగితే రాసిస్తోంది. దేన్ని ఎక్కడ విడదీయాలి, ఏది లోపల దాచాలి, ఏది బయటికి చూపించాలి అన్నది తేల్చుకోవాల్సింది మనిషే. ఇక ముందు జీతం వచ్చేది దానికే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2016 మార్చిలో జావాస్క్రిప్టు ప్రపంచంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం అనే ఉమ్మడి భాండాగారం నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇతరులు వాడే కోడ్ రాయడమంటే బాధ్యత నెత్తికెత్తుకోవడం. ఇతరుల కోడ్ వాడటం కూడా బాధ్యతే: ఏ వెర్షన్ వాడుతున్నామో రాసుకోవాలి, నాలుగు లైన్ల పనికి బయటి ప్యాకేజీ తెచ్చుకోకూడదు. అందుకే విద్యార్థులు చేసిన మాడ్యూళ్లు వాళ్ల సొంత అకౌంట్లలో కాకుండా కాలేజీ పేరున్న ఒక ఉమ్మడి రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, ఉండాలని కోరుతున్నాను. ఎవరైనా వాడుకోగలిగే ఎంఐటీ లాంటి ఓపెన్ లైసెన్సుతో పెట్టండి. విద్యార్థులు పాసై వెళ్లిపోయినా కోడ్ ఉండిపోతుంది. దాన్ని చూసుకునే లెక్చరర్‌కు ఆ పనిని వర్క్‌లోడ్‌లో లెక్కకట్టి, ఆ మేరకు క్లాసులు తగ్గించండి. ఇప్పటికే నలిగిపోతున్నవాళ్ల మీద ఇంకో బరువు ఉచితంగా వెయ్యమని నేను అడగను.

ఈ జూన్‌లో కొత్త సంవత్సరం మొదలయ్యేలోపు ఒక్క సెక్షన్‌లో మొదలుపెట్టి చూడండి. యార్డు కొట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, పుస్తకాల ప్రెస్సుల్లో పదేపదే వచ్చే అవసరాల జాబితా నేను రాసిస్తాను. నమూనా డేటా పేర్లు మార్చి ఇస్తాను. జూనియర్లు వాడి చూసే వారంలో మా ఆఫీసు నుంచి ఇద్దరు మీ ల్యాబ్‌కు వచ్చి కూర్చుంటారు. రూపాయల లెక్క మాడ్యూల్‌ను ఎవరు బాగా చేసినా, మా ప్రోగ్రాముల్లో ఉన్నదాన్ని తీసేసి దాన్నే పెడతాం, చేసిన విద్యార్థుల పేర్లు అందులో ఉంచుతాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థుల్లో ఒకడు,
బ్రాడీపేట, గుంటూరు